గ్యాసో గుండెనో తేల్చాల్సింది సోడా కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తిరుపతిలో అలిపిరి వెళ్ళే దారిలో చిన్న టిఫిన్ హోటల్. పొద్దున ఇడ్లీ మొదటి వాయి దించి రెండో వాయి పెట్టే సమయానికి మీ పేపరు వస్తుంది, ఆ పది నిమిషాల్లోనే జిల్లా పేజీ తిప్పేస్తాను. వారానికో పది రోజులకో అందులో ఒక చిన్న వార్త తప్పకుండా ఉంటుంది. ఫలానా ఊరాయన, వయసు 45 అనో 52 అనో ఉంటుంది, రాత్రి ఛాతీలో నొప్పిగా ఉందన్నాడు, గ్యాస్ నొప్పి అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నాడు, తెల్లారి చూస్తే ప్రాణం లేదు. నాలుగు లైన్లు, పక్కన పాస్‌పోర్టు సైజు ఫోటో. "గ్యాస్ నొప్పి అనుకుని" అనే ఆ మాట దగ్గర నాకు చెయ్యి ఆగిపోతుంది. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో ఇద్దరం అన్నాం. ఒకరికి అది నిజంగానే గ్యాసు, రెండో మనిషికి గుండె. గ్యాసు నాకు, గుండె మా బావగారికి, అంటే మా ఆయన వాళ్ళ అన్నకు. ఇద్దరం చెప్పుకున్న మాట ఒకటే, తాగిన సోడా కూడా ఒకటే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదైనా దయచేసి పూర్తిగా చదవండి.

ముందు నా సంగతి చెప్తాను. హోటల్ పని చేసేవాళ్ళకు వేళకు తిండి ఉండదు. పొద్దున నాలుగింటికి లేచి ఖాళీ కడుపు మీద కాఫీ, చట్నీలో ఉప్పు చూడడానికి ఒకసారి నాలుక మీద వేసుకోవడం, సాంబారు చూడడం, మళ్ళీ కాఫీ. మధ్యాహ్నం భోజనం మూడింటికి. రాత్రి గిన్నెలన్నీ కడిగి, రేపటి పిండి రుబ్బి పెట్టుకుని, మిగిలిన అన్నంలో కారంగా ఇంత ఊరుబిండి కలుపుకుని తినేసరికి పదకొండు, తిన్న పది నిమిషాలకు మంచం మీద. ఇలా ఏళ్ళు గడిచాక ఒంటిగంట, ఒకటిన్నర ప్రాంతంలో మెలకువ రావడం మొదలైంది. రొమ్ము ఎముక వెనకాల, కిందనుంచి గొంతు దాకా, పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు మంట. నోట్లోకి పుల్లటి నీళ్ళు వచ్చేవి, ఒక్కోసారి గొంతుకు అడ్డంపడి పొడిదగ్గు పట్టుకునేది. లేచి కూర్చుంటే కాసేపటికి దిగేది, మళ్ళీ పడుకుంటే ఎక్కేది. పగలు కూడా వంగి అండా కడుగుతుంటే కడుపులో ఉన్నదంతా పైకి తన్నుకొచ్చినట్టు ఉండేది. నేను దాన్ని గ్యాస్ అనుకున్నాను, ఈనో కలుపుకుని తాగాను, జెలూసిల్ సీసాలు సీసాలు ఖాళీ చేశాను. నా వరకు అది నిజమే, అది కడుపులో ఆమ్లం పైకి తన్నడమే.

ఇప్పుడు మా బావగారి సంగతి. వాళ్ళది బంగారుపాళ్యం దగ్గర పల్లె, నాలుగెకరాల తోతాపురి మామిడి తోట. మన చిత్తూరు జిల్లా రైతులకు తెలిసిందే, జూన్, జూలైలో కాయ కోశాక గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరస ఎలా ఉంటుందో. ధర పడిపోయిన ఏడాది, కాయ వాసన పడుతోంది, వరస కదలదు, రెండు రాత్రులు ట్రాక్టర్ కిందే పడుకున్నారు. తిండి అంటే బండి మీద బిర్యానీ పొట్లం, టీ, బీడీ. ఆయనకు 54 ఏళ్ళు, బీపీ ఉంది, మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మర్చిపోతారు. మొదటిరోజు వరస కాస్త కదిలినప్పుడు ట్రాలీ వెనక చెక్క సర్దుతుంటే రొమ్ములో బరువుగా పట్టేసిందట. కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో పోయిందట. రెండోరోజు నీళ్ళకోసం ఎత్తు ఎక్కి పోతుంటే మళ్ళీ అదే, నిలబడితే పోయింది. ఫోన్లో మా ఆయనతో ఏమన్నారో తెలుసా, "ఏం లేదురా, గ్యాసు పట్టేసుండాది, సోడా తాగినా, బ్రేవ్‌మని తేన్పు వచ్చినాది, తగ్గిపొయినాది." మేమూ సరే అన్నాం. బిర్యానీ తింటే గ్యాసు రాకేం చేస్తుందిలే అన్నది నేనే. ఆ మాట నేను మర్చిపోలేను.

సోడాతో తగ్గింది అనుకున్నారు కానీ తగ్గింది సోడాతో కాదు, కూర్చున్నందుకు. సోడా తాగాలంటే ఎవరైనా నిలబడతారు, కూర్చుంటారు, పని ఆపుతారు. గుండెకు పని తగ్గింది కాబట్టి నొప్పి తగ్గింది. ఈ ముక్క తర్వాత డాక్టరు చెబితే కానీ మాకు అర్థం కాలేదు. పని చేస్తే వచ్చి, ఆపితే పోయే ఛాతీ బరువు గుండె రక్తనాళం మూసుకుపోతోందని ముందే ఇచ్చే హెచ్చరిక అట. రెండు రోజులు హెచ్చరిక ఇచ్చింది, మేము తేన్పు లెక్కబెట్టుకున్నాం.

మూడోరోజు తెల్లవారుజామున రెండు గంటలకు పనేమీ చేయకుండానే, పడుకున్న మనిషికి పట్టుకుంది. ఈసారి కూర్చున్నా పోలేదు. చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట, ఆ చల్లటి వేళప్పుడు. కింది దవడ లాగుతోందని, పన్ను నొప్పేమో అని కూడా అనుకున్నారట. పక్క ట్రాక్టర్ అబ్బాయి ఆయన్ను బైక్ మీద ఎక్కించుకుని దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ నిద్రలో లేచి వచ్చిన మనిషి పొట్ట నొక్కి చూసి, ఏం తిన్నావు అని అడిగి, బిర్యానీ అనగానే గ్యాస్ ఇంజెక్షన్ ఒకటి వేసి, నాలుగు మాత్రలు పొట్లం కట్టి పంపేశారు. ఈసీజీ తీయలేదు. మిషన్ ఉందో లేదో మాకు తెలియదు, లేకపోతే లేదు, "ఈసీజీ తీయించుకోండి" అని ఒక్క మాట చెప్పడానికి మిషన్ అక్కర్లేదు కదా. క్లినిక్ పేరు నేను రాయను, ఎందుకంటే ఆ పని ఆ ఒక్క చోటే జరగడం లేదు. తిరిగి వస్తుంటే దారిలోనే వాంతి అయ్యి, కళ్ళు తిరిగి బైక్ మీదే వాలిపోయారు. ఆ పిల్లాడు, వాడికి 22 ఏళ్ళు కూడా ఉండవు, రోడ్డు పక్కన ఆయన్ను కూర్చోబెట్టి 108కి ఫోన్ చేశాడు. మా బావగారు ఈరోజు ఉన్నారంటే ఆ ఫోన్ వల్ల.

చిత్తూరు ఆసుపత్రిలో దిగగానే ఈసీజీ తీశారు. వచ్చిన పది నిమిషాల్లోపే తీయాలన్నది పద్ధతి అట. గుండె కింది భాగానికి రక్తం ఇచ్చే నాళం మూసుకుంది, గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే వేసి తిరుపతికి పంపారు, ఇక్కడ యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. ఆ ఇంజెక్షన్ బయట కొనాలంటే వేలల్లో ఉంటుంది, మన రాష్ట్రంలో గుండెపోటు వచ్చినవాళ్ళ కోసం పెట్టిన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. ఇది ఊళ్ళలో చాలామందికి తెలియదు, డబ్బులకు భయపడే రాత్రంతా ఇంట్లో కూర్చుంటున్నారు. గడ్డ పడిన మొదటి గంటలో వేస్తే దాని ఫలితం వేరు, పన్నెండు గంటలు దాటాక వేసినా పెద్దగా ఉపయోగం ఉండదు. చిత్తూరు నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు, అంతదూరం పోయేదాకా ఆగకుండా మందు ముందే పడింది కాబట్టి సరిపోయింది. అయినా క్లినిక్ దగ్గర వృథా అయిన సమయం వల్ల గుండె కండరం కొంత దెబ్బతింది. గుండెకు చేసే స్కానింగ్, ఎకోలో, పంపింగ్ 40 శాతం అన్నారు, మామూలుగా 55 పైన ఉండాలట. ఇప్పుడు తోటలో గట్టు మీద కూర్చుని కూలీలకు చెప్పడమే, పురుగుమందు కొట్టే డబ్బా ఎత్తడం మానేశారు.

వార్డు బయట నేను డాక్టరమ్మను అడిగాను, అమ్మా, గుండెనొప్పి కడుపు దగ్గర ఎందుకు వస్తుంది, వాంతి ఎందుకు అవుతుంది అని. ఆమె ఓపికగా చెప్పింది. అన్నం దిగే గొట్టం సరిగ్గా గుండె వెనకనుంచే కిందికి పోతుందట, రెండింటి నుంచీ నొప్పి కబురు మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరతాయట. కాబట్టి కబురు ఎక్కడినుంచి వచ్చిందో మెదడుకే సరిగ్గా తెలియదు. పైగా గుండె కింది భాగం ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే పొర మీద ఆని ఉంటుంది, ఆ భాగానికి దెబ్బ తగిలితే పై పొట్టలో నొప్పి, వాంతి, తేన్పులు, అచ్చం అజీర్తిలాగే ఉంటుంది. మెదడే పొరబడేదాన్ని మనం ఇంట్లో మంచం మీద కూర్చుని, నిన్న ఏం తిన్నామో గుర్తు తెచ్చుకుని తేల్చేస్తున్నాం.

ఆ తర్వాత నా పరిస్థితి తిరగబడింది. అంతకుముందు ప్రతిదీ గ్యాసే అనుకున్నదాన్ని, ఇప్పుడు ప్రతి మంటా గుండే అనిపించి ఒకటే టెన్షన్. రెండు నెలల్లో మూడుసార్లు రాత్రిపూట మా ఆయన్ను లేపి ఆసుపత్రికి పరిగెత్తించాను. మూడోసారి అక్కడ ఒకామె "మళ్ళీ గ్యాసేనా అమ్మా, ఊరికే భయపడి వచ్చేస్తావేంది" అంది. నలుగురూ చూశారు, తల దించుకుని వచ్చేశాను. నా బాధ ఏమిటంటే, ఆ మాట పడ్డ మనిషి నాలుగోసారి నిజంగా గుండెనొప్పి వచ్చినా ఆసుపత్రికి పోదు. గ్యాస్ ఉన్నవాళ్ళకు గుండెజబ్బు రాదని ఎవరూ రాసివ్వలేదు, ఒక మనిషికే రెండూ ఉండొచ్చు. ఎమర్జెన్సీలో పనిచేసే వాళ్ళకు నా విన్నపం ఒక్కటే, నిద్ర లేక మీరెంత అలిసిపోయి ఉంటారో నాకు తెలుసు, నేనూ నిలబడి పనిచేసేదాన్నే, కానీ ఛాతీ నొప్పి అని వచ్చినవాళ్ళను, అది పదోసారైనా సరే, సిగ్గుపడేలా చేయకండి.

చివరికి ఒక డాక్టరు నన్ను కూర్చోబెట్టి పరీక్షలకంటే ముందు ప్రశ్నలే ఎక్కువ అడిగారు. ఎప్పుడు వస్తుంది, తిన్నాకనా తినకముందా, పడుకుంటేనా, మెట్లు ఎక్కితేనా, పిండి గిన్నె ఎత్తితేనా, ఎంతసేపుంటుంది, ఎక్కడో చెయ్యి పెట్టి చూపించు అని. నేను రొమ్ము మధ్యలో వేలితో కిందనుంచి పైకి గీత గీసి చూపించాను. మా బావగారు ఇదే ప్రశ్నకు పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టారని నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుండెనొప్పి వచ్చినవాళ్ళు చాలామంది అలాగే, అరచెయ్యో పిడికిలో పెట్టి చూపిస్తారట, మంట అనరు, బరువు అంటారు, ఎవరో కూర్చున్నట్టుంది అంటారు, బిగించేస్తోంది, ఊపిరాడటం లేదు అంటారు. ఎడమ చెయ్యి లాగుతుంది, ఒక్కోసారి రెండు చేతులూ, మెడ, దవడ, వీపు మధ్యకు కూడా పోతుంది. చల్లటి చెమట పడుతుంది. నాది తిన్నాక, పడుకుంటే, వంగితే వస్తుంది, మెట్లు ఎక్కితే రాదు, నోట్లో పులుపు ఉంటుంది, కూర్చుంటే దిగుతుంది, చెమట పట్టదు. ఒకచోట వేలు పెట్టి నొక్కితే కలుక్కుమనే నొప్పి, ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్టుండేది చాలావరకు కండరానిదో పక్కటెముకదో అయి ఉంటుందట.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట చెప్పాలి, లేకపోతే నా ఉత్తరమే ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తుంది. ఈ తేడాలన్నీ డాక్టరుకు చెప్పడానికి పనికొస్తాయి, మనం ఇంట్లో తీర్పు చెప్పుకోవడానికి కాదు. ఆ డాక్టరే చెప్పారు, గుండెపోటు మంటలాగా కూడా వస్తుంది, అన్నం తిన్నాక కూడా వస్తుంది. జెలూసిల్ తాగితే తగ్గిందంటే గ్యాసే అని రుజువు కాదు. అలాగే నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో తగ్గిందంటే గుండే అని కూడా రుజువు కాదు, అన్నం దిగే గొట్టం పట్టేసినప్పుడు కూడా ఆ మాత్రతో సడలుతుందట. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకు నరాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు, ఉన్నట్టుండి ఆయాసం, చెమట, కాళ్ళూ చేతులూ సత్తువ లేకుండా అయిపోవడం, అంతే. ముసలివాళ్ళలో, ఆడవాళ్ళలో కూడా ఇలా వికారం, వీపు నొప్పి, నీరసంతో రావడం మిగతావాళ్ళకంటే ఎక్కువ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు నీరసంగా ఉందంటే ఎవరు పట్టించుకుంటారు చెప్పండి, మనమే పట్టించుకోం, పొయ్యి మీద పాలు పొంగకుండా చూసి, పిల్లలకు క్యారియర్లు కట్టి, ఆ తర్వాత కూర్చుంటాం.

ఈసీజీ గురించి కూడా ఒక అపోహ ఉంది. "ఈసీజీ నార్మల్ అన్నారు, ఇంక భయం లేదు" అని బైక్ ఎక్కి వచ్చేస్తారు. మొదటి ఈసీజీ బాగానే ఉండి గంట తర్వాత మారేది కూడా ఉంటుంది. నొప్పి తగ్గకపోతే మళ్ళీ మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ అని రక్తపరీక్ష చేస్తారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో అది పెరుగుతుంది, కానీ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే మొదటిసారి బాగున్నా కొన్ని గంటలు ఆగి రెండోసారి చేస్తారు. "డబ్బుల కోసం ఉంచుకుంటున్నారు" అని గొడవపడి సంతకం పెట్టి వచ్చేసేవాళ్ళను నేను కళ్ళారా చూశాను, దయచేసి అలా రాకండి, ఆ కొన్ని గంటలే కీలకం.

నాకు ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ, అన్నీ బాగున్నాయి. ఆ తర్వాతే నోట్లోంచి గొట్టం దింపి చూసే ఎండోస్కోపీ చేశారు. అన్నం దిగే గొట్టానికీ కడుపుకూ మధ్య ఒక కండరం ఉంటుంది, సంచి మూతికి బిగించిన తాడులాంటిది, నాకు ఆ తాడు వదులైంది, అందుకే కడుపులో ఆమ్లం పైకి వచ్చి గొట్టం కింద భాగం పుండ్లు పడింది. మందు పాంటాప్ రాశారు. నేను అంతకుముందే ఆ మాత్ర సొంతంగా కొని మింగుతున్నాను, పనిచేయలేదు అన్నాను. ఎప్పుడు వేసుకున్నావు అంటే టిఫిన్ తిన్నాక పదకొండింటికి అన్నాను. అది ఖాళీ కడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలట, తినగానే కడుపులో ఆమ్లం చేసే పంపులు మొదలవుతాయి, అప్పటికే మందు రక్తంలో చేరి ఉండాలి. ఇన్నాళ్ళూ మాత్ర సరైనదే, వేళే తప్పు. ఎన్ని వారాలు వాడాలో వాళ్ళే చెప్పారు, ఏళ్ళ తరబడి మనంతట మనం కొనుక్కుని మింగేది కాదు అని కూడా చెప్పారు.

మందుకంటే నాకు ఎక్కువ పనిచేసింది రెండు ఇటుకలు. మంచం తలవైపు కోళ్ళ కింద చెరొకటి పెట్టాం, ఆరంగుళాలు ఎత్తు వచ్చేట్టు. రెండు దిండ్లు వేసుకుంటే చాలదా అంటే చాలదు, దిండ్లతో మెడ వంగుతుంది, పొట్ట మడతపడి ఇంకా పైకి తంతుంది, మంచమే వాలుగా ఉండాలి. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు, కడుపు ఎడమవైపే ఉంటుంది కాబట్టి ఆమ్లం కిందే నిలుస్తుంది. రాత్రి భోజనం ఎనిమిదింటికి మార్చుకున్నాను, గిరాకీ ఉన్నా సరే లోపలికి వెళ్ళి తినేసి వస్తాను, పడుకునేసరికి రెండున్నర మూడు గంటలు గడుస్తుంది. పొద్దున కాఫీ ఒకటే. లంగా బొందు బిగించి కట్టే అలవాటు కూడా మానమన్నారు, నాకు ఆశ్చర్యమేసింది కానీ నిజమే, నడుము దగ్గర బిగింపు ఉంటే పొట్ట మీద ఒత్తిడే కదా. అక్కాచెల్లెళ్ళు ఈ ఒక్కటి చేసి చూడండి. బరువు కాస్త తగ్గాను, దానివల్ల కూడా తేడా తెలిసింది. బీడీ, సిగరెట్, మందు ఉన్నవాళ్ళకు అవి మానకుండా ఈ మంట పోదు, గుండెకు అవి చేసే చెడు వేరే చెప్పక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కడుపుకూ చెరుపే, గుండెకూ చెరుపే. మింగినది గొంతులో ఆగినట్టుండడం, నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, ఊరికే బరువు తగ్గిపోవడం, ఇవి ఉంటే మాత్రం గ్యాస్ అని నెలలు గడపకుండా వెంటనే చూపించుకోవాలి.

వాట్సాప్‌లో వచ్చేవి కూడా ఆపాలి. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారని ఒకటి ఏళ్ళ తరబడి తిరుగుతోంది. అది మామూలు మనుషులు ఇంట్లో చేసుకునే వైద్యం కాదు, దగ్గుతూ కూర్చుంటే ఫోన్ చేసే సమయం పోతుంది. సార్బిట్రేట్ మాత్ర జేబులో పెట్టుకుని ఎవరికి నొప్పి వచ్చినా నాలుక కింద పెట్టండి అని ఇంకొకటి. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది పెడితే కుప్పకూలిపోవచ్చు, డాక్టరు ఎవరికి రాశారో వాళ్ళకే అది. ఆస్పిరిన్ నమిలించడం మంచిదే, కానీ అదీ 108 వాళ్ళనో డాక్టరునో ఫోన్లో అడిగి చేయాలి, ఆ మందు పడనివాళ్ళు, కడుపులో పుండు ఉండి రక్తం పోయినవాళ్ళు ఉంటారు. చేయాల్సింది చాలా చిన్న పని, ఉన్నచోటే కూర్చోవాలి, నడవకూడదు, మెట్లు ఎక్కకూడదు, తానే బండి నడపకూడదు, 108కి ఫోన్ చేయాలి. మన రాష్ట్రంలో ఆ బండ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి, ఇంకా "గ్యాస్ అయితే నవ్వుతారేమో" అని ఫోన్ చేయడానికి మొహమాటపడుతున్నాం.

మా హోటల్‌కు తెల్లవారుజామున వచ్చేవాళ్ళలో సగంమంది కొండకు నడిచి వెళ్ళేవాళ్ళే. రాత్రంతా బస్సులో వచ్చి, నిద్ర లేక, వేడివేడి పొంగల్ రెండు ప్లేట్లు, మీద కాఫీ, వెంటనే 3,550 మెట్లు. అలిపిరి మెట్లదారి అంటే ఒకరకంగా ఆసుపత్రిలో చేసే టీఎంటీ పరీక్షే, పక్కన డాక్టరు లేకుండా చేయించుకునేది. 60 దాటినవాళ్ళు, గుండెజబ్బు, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు కాలినడకన రావద్దని టీటీడీ కూడా చెప్పింది. మొక్కు ఉన్నవాళ్ళు వినరు, నేనూ మొక్కుకున్నదాన్నే, ఆ మనసు నాకు తెలుసు. పోయిన నెల ఒక పెద్దాయన తిరిగి కిందికి వచ్చేసి మా బల్ల మీద కూర్చుని, "పొంగల్ తిన్నానమ్మా, గ్యాస్ పట్టేసింది, ఎక్కుతుంటే పట్టేస్తోంది, నిలబడితే పోతోంది, సోడా ఉందా" అన్నాడు. ఎక్కితే వచ్చి, నిలబడితే పోయేది. మా ఆయన నా మొహం చూశాడు. సోడా ఇవ్వలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళబ్బాయిని పిలిచి, 108కి ఫోన్ చేసి పంపించాం. ఆయనకు ఏమని తేలిందో మాకు తెలియదు, మళ్ళీ రాలేదు, గ్యాసే అయి ఉంటే బాగుండు అని ఆ రోజంతా దేవుణ్ణి తలుచుకున్నాను.

సంపాదకుల వారూ, మిమ్మల్ని అడిగేది ఇదీ. "గ్యాస్ నొప్పి అనుకుని" అని వార్త వేసిన ప్రతిసారీ దాని కింద చిన్న డబ్బా కట్టి నాలుగు లైన్లు వేయండి. ఛాతీలో, పై పొట్టలో, దవడలో, చేతిలో కొత్తగా నొప్పో బరువో వస్తే, చెమట, ఆయాసం ఉంటే, పని చేస్తే వచ్చి ఆపితే పోతుంటే, దానికి గ్యాస్ అని పేరు పెట్టేది ఈసీజీ తీసి డాక్టరు చూశాకనే అని. రెండో కోరిక ఇంకా ముఖ్యం. తిరుపతిలో ఉన్నవాళ్ళకు రుయా ఉంది, స్విమ్స్ ఉంది, రాత్రి రెండింటికైనా దారి తెలుసు. పలమనేరు అవతల పల్లెలో, కుప్పం దగ్గర, పుంగనూరు దగ్గర ఉన్న మనిషికి రాత్రిపూట ఈసీజీ ఎక్కడ తీస్తారో, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో తెలియదు. మీ విలేకరులు ప్రతి మండలంలో ఉన్నారు. మండలాల వారీగా ఆ ఆసుపత్రుల పేర్లు కనుక్కుని ఒక్కసారి పేజీ నిండా వేయండి. సినిమా ప్రకటనకు ఇచ్చినంత జాగా చాలు.

మా హోటల్ గోడ మీద ఇడ్లీ, దోసె ధరలు రాసిన పలక పక్కన మా అబ్బాయి చేత ఎర్ర రంగుతో 108 రాయించాను, ఎక్కేటప్పుడు రొమ్ములో పట్టేస్తే అక్కడే కూర్చోండి, పక్కనున్నవాళ్ళకు చెప్పండి అని దాని కింద రాయించాను. మీరు ఆ పేజీ వేసిన రోజు దాన్ని కత్తిరించి అక్కడే అతికిస్తాను, ఒక కాపీ బంగారుపాళ్యానికి కూడా పంపుతాను, ఫ్యాక్టరీ దగ్గర టీ కొట్టు గోడకు అంటిస్తానని మా బావగారు అప్పుడే చెప్పి పెట్టుకున్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తిరుపతి